చెరువు నిండింది, కలువలు మాత్రం తిరిగి రాలేదు: నీటి మొక్కల గురించి సలహా కావాలి

ప్రశ్న: శింగనమల వైపు రైతు, అనంతపురం జిల్లా

అందరికీ నమస్కారం. మాది శింగనమల వైపు ఒక చిన్న గ్రామం. నా చిన్నతనంలో, అంటే 1980లలో, చిత్త, స్వాతి కార్తెల వానలకు చెరువు నిండితే కార్తీకమాసం వచ్చేసరికి వంక వచ్చి కలిసే వైపు నీళ్లు కనపడనంతగా కలువలు పూసేవి. తెల్లవీ ఎర్రవీ ఎక్కువ. నీలం రంగువి ఒక మూలన మాత్రమే ఉండేవి. మా అవ్వ కార్తీక సోమవారాలలో శివాలయానికి ఆ పూలనే తీసుకెళ్లేది. పొడవాటి వేళ్ల పక్షి ఒకటి ఆ ఆకుల మీద అడుగులు వేస్తూ, నీళ్ల మీద నడుస్తున్నట్లే తిరిగేది. వేసవిలో చెరువు పూర్తిగా ఎండి నెర్రెలు విచ్చేది, మేము అందులోనే ఆడుకునేవాళ్లం, అయినా మరుసటి ఏడు వానలకు ఎవరూ నాటకుండానే కలువలు తిరిగి వచ్చేవి.

తర్వాత వరుస కరువులు వచ్చాయి. నీళ్లు రాని ఏళ్లలో చెరువు గర్భమంతా కంపచెట్లు పెరిగాయి. కొన్నేళ్ల కిందట పూడికతీత పేరుతో ఒక కాంట్రాక్టరు పొక్లెయిన్లు పెట్టి, మంచి మట్టి దొరికిన చోటల్లా తవ్వి అమ్ముకున్నాడు. ఆ గుంతలు నేటికీ పది పన్నెండు అడుగుల లోతున, నిటారు గట్లతో అలాగే ఉన్నాయి. ఇప్పుడు హంద్రీ–నీవా కాలువ నీళ్లు వస్తున్నందువల్ల చెరువు వేసవిలో కూడా ఎండడం లేదు. బోర్లలో నీటిమట్టం పెరిగింది, అందుకు ఊరంతా సంతోషిస్తోంది, నేనూ సంతోషిస్తున్నాను. అయితే కలువ ఒక్కటి కూడా రాలేదు. కట్ట పొడవునా జమ్ము దట్టంగా పెరిగింది, ఒక పక్క గుర్రపుడెక్క మొదలైంది, మిగిలినదంతా ఎర్రమట్టి కలిసినట్లు కలకగా ఉన్న నీళ్లే.

ఈ వేసవిలో చెరువును మొత్తంగా శుభ్రం చేయించాలనీ, ఉన్న మొక్కలన్నీ పీకించి గర్భమంతా ఒకే లోతుకు తవ్వించాలనీ, ఆ తర్వాత నర్సరీ నుంచి తామర దుంపలు తెప్పించి నాటాలనీ ఊరిలో మాట్లాడుకుంటున్నారు. ఖర్చు భరించడానికి పట్నంలో స్థిరపడిన మా ఊరివారు కొందరు ముందుకు వచ్చారు కూడా. వారి ఉద్దేశం మంచిదే, కానీ నాకు మనసు ఒప్పడం లేదు. పాత కలువల విత్తనం ఆ మట్టిలో ఇంకా బతికి ఉంటుందా? నీళ్లు ఏడాది పొడవునా ఉన్నా అవి ఎందుకు రావడం లేదు? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి. గ్రామసభకు ఇంకా సమయం ఉంది.

ప్రత్యుత్తరం: విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు, అనంతపురం

అయ్యా, మీ రెండో ప్రశ్నకు ముందు సమాధానం చెబుతాను, ఎందుకంటే తక్కినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. నీళ్లు ఉన్నా కలువలు ఎందుకు రావడం లేదని మీరు అడిగారు. నా అభిప్రాయంలో, నీళ్లు ఎప్పుడూ ఉండడం కూడా అవి రాకపోవడానికి ఒక కారణం.

మన జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఇంత తక్కువ వానతో నిండే చెరువు నాలుగైదు నెలలు నీటితో, మిగిలిన కాలం తడి ఆరుతూ ఎండుతూ ఉండేది. ఇక్కడి నీటి మొక్కలు ఆ లయకు అలవాటు పడ్డాయి. వేసవిలో కలువ ఆకులు మాడిపోయినా, బురదలో దాని దుంప నిద్రలో ఉండి, కొత్త నీళ్లు రాగానే చిగురిస్తుంది. చెరువు ఎండినప్పుడు అడుగున ఉన్న మెత్తని ఒండ్రు గట్టిపడుతుంది, నెర్రెల గుండా గాలి లోపలికి పోతుంది, కుళ్లుతున్న ఆకూ అలమూ విడిపోయి ఎరువవుతాయి. మళ్లీ నీళ్లు చేరినప్పుడు ఆ గట్టిపడిన అడుగు సులువుగా పైకి లేచి నీటిలో కలవదు. నీళ్లు తేటగా ఉంటాయి. ఏళ్ల తరబడి ఎండని చెరువులో ఒండ్రు అంబలిలా మెత్తగా ఉండిపోయి, గాలి వీచినా, గేదె దిగినా, చేప కదిలినా పైకి లేస్తుంది. కలకనీటిలో వెలుగు అడుగుకు చేరదు. వెలుగు చేరని చోట మొలక తన గింజలోని ఆహారం అయిపోగానే చనిపోతుంది.

నీటి మొక్కలకు అన్నిటికన్నా కొరత పడేది వెలుగే. నేలమీది మొక్కకు వెలుగు ఉచితంగా దొరుకుతుంది, నీటి కోసం వెతుక్కుంటుంది. నీటి మొక్క సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. హైడ్రిల్లా అనే నాచు మొక్క ఉపరితలం మీద పడే వెలుగులో ఒక శాతం అందినా బతకగలదు, కాబట్టే అది ఎక్కడైనా కనపడుతుంది. తక్కిన మునిగి ఉండే మొక్కలలో చాలావాటికి అంతకన్నా ఎంతో ఎక్కువ కావాలి. మీరు చిన్న పరీక్ష చేయండి. ఇరవై సెంటీమీటర్ల వెడల్పున్న పళ్లేనికి తెలుపు, నలుపు రంగులు నాలుగు భాగాలుగా వేసి, తాడు కట్టి, మధ్యాహ్నం పూట నీటిలోకి దించుతూ పోండి. అడుగు లోతుకే పళ్లెం కనపడకుండా పోతే, నాలుగడుగుల లోతున అడుగున ఏ మొక్కా నిలబడదని అనుకోవచ్చు. నెలకొకసారి ఒకే చోట ఇలా కొలిచి రాసిపెట్టుకుంటే మీ చెరువు బాగుపడుతోందో లేదో మీకే తెలుస్తుంది.

రెండవది ఒడ్డు వాలు. చెరువులో మొక్కలు వరుసలు వరుసలుగా ఉంటాయి. నీటి అంచున, తడి నేల మీద పొన్నగంటి, గుంటగలగర, నీరుగొబ్బి, తుంగ జాతులు. చీలమండ లోతున మార్సీలియా అనే నాలుగాకుల మొక్క. మోకాలి లోతు నుంచి మనిషి లోతు వరకు కలువ, తామర. వాటి మధ్యనా ఇంకాస్త లోతునా మునిగి ఉండే నాచు మొక్కలు. ఒడ్డు మెల్లగా వాలుతూ పోతే ఈ వరుసలకు ఒక్కొక్కదానికి పదులకొద్దీ గజాల చోటు దొరుకుతుంది, నీటిమట్టం తగ్గినప్పుడు అవి కిందికి జరుగుతాయి, పెరిగినప్పుడు పైకి జరుగుతాయి. మీరు చెప్పిన నిటారు గట్ల గుంతలలో ఆ చోటు జానెడు కూడా ఉండదు. గర్భమంతా ఒకే లోతుకు తవ్వితే చెరువంతా అలాంటి పెద్ద గుంత అవుతుంది. కాబట్టి ఆ ప్రతిపాదనను నేను గట్టిగా వ్యతిరేకిస్తాను.

ఇంకొక సంగతి. తామరతూడును విరిచి చూస్తే అందులో పొడవునా గొట్టాలు కనపడతాయి. అడుగు బురదలో ప్రాణవాయువు దాదాపు ఉండదు కనుక, నీటి పైన ఉన్న ఆకు పీల్చిన గాలే ఆ గొట్టాల గుండా దుంపకు చేరుతుంది. వాన నీటితో చెరువు మెల్లగా నిండేటప్పుడు కాడ కూడా నీటితోపాటే పొడవవుతూ ఆకును పైన నిలబెడుతుంది. కాలువ నీటిని వారం రోజులలో ఆరేడడుగులు నింపితే లేత కాడ ఆ వేగాన్ని అందుకోలేదు, ఆకు మునుగుతుంది, దుంప ఊపిరాడక కుళ్లుతుంది. నీటి విడుదల మన చేతిలో ఉండకపోవచ్చు. అందుకే లోతు తక్కువగా ఉండే ఎగువ భాగాన్ని కాపాడుకోవడం మరీ ముఖ్యం.

ఇక విత్తనం. ఈశాన్య చైనాలో ఎండిన సరస్సు మట్టిలో దొరికిన తామర గింజ ఒకటి సుమారు 1300 ఏళ్ల తర్వాత మొలకెత్తింది; తామర గింజ పెంకు అంత గట్టిది. కలువ గింజకు అటువంటి పెంకు లేదు, అది బురదలో కొన్నేళ్లు మాత్రమే నిలుస్తుంది. మీ చెరువులో ఇన్నేళ్ల తర్వాత ఉందో లేదో ఇక్కడ కూర్చుని చెప్పడం సరికాదు. మట్టిని అడిగి తెలుసుకోవాలి. దాని పద్ధతి కింద రాస్తాను, కానీ ముందు ఇతరుల అభిప్రాయాలు రానివ్వండి.

సందర్భం వచ్చింది కనుక ఒక మాట. కలువ వెన్నెలకు పూస్తుందని మన కవులు చెప్పినది తెల్ల, ఎర్ర కలువల విషయంలో నిజమే. అవి సాయంత్రం విచ్చి మరునాటి పొద్దెక్కే వరకు ఉంటాయి. నీలి కలువ మాత్రం పగలు పూస్తుంది. మీ అవ్వగారు తెల్లవారుజామున వెళ్లి ఉంటే విచ్చిన తెల్ల కలువలే చేతికి వచ్చి ఉంటాయి.

ప్రత్యుత్తరం: ఆయకట్టు రైతు, పోరుమామిళ్ల ప్రాంతం, కడప జిల్లా

మాస్టారు గారు చెప్పిన శాస్త్రం నాకు కొత్త, చాలా విషయాలు తెలిశాయి. అయినా ఒక అభ్యంతరం చెప్పకుండా ఉండలేను. చెరువు కట్టినది పైరు కోసం. మా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాకుమారుడు భాస్కరుడు వేయించాడు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కి ఉన్నాయి. రెండేళ్లపాటు రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పని చేశారని కూడా ఉంది. గర్భం విశాలంగా, లోతుగా ఉండాలని అందులోనే చెప్పారు. చెరువు నడుమ మెట్ట ఉండడం, నేల చౌడు కావడం దోషాలని చెప్పారు. పూడిక తీయవద్దంటే చెరువు పదేళ్లలో పొలమైపోతుంది, ఆ తర్వాత దానిని ఎవరో ఒకరు దున్నుకుంటారు. అప్పుడు కలువా ఉండదు, నీళ్లూ ఉండవు. నేను కళ్లారా చూసిన కుంటలు మూడు అలాగే పోయాయి.

అయితే మా పెద్దలు పూడిక తీసిన తీరు వేరు, అది చెప్పడానికే ఇంత రాస్తున్నాను. పూర్వం మా సీమ జిల్లాలలో చెరువు బాగోగులు చూసేవారికి దశబంధం ఇనాములు, అంటే ఆ పనికి ప్రతిఫలంగా ఇచ్చిన మాన్యాలు, ఉండేవి. ఇనాము పోయాక కూడా, నా చిన్నప్పుడు, వేసవి వచ్చిందంటే రైతులు ఎవరి బండ్లతో వారు ఒండ్రు తోలుకునేవారు. కట్టకు మరీ దగ్గరగా తవ్వనిచ్చేవారు కాదు, కట్ట బలహీనపడుతుందని. తూముకు నీరు నడిచే దారిలోనూ, నడిమి పల్లంలోనూ తీసేవారు. ఒక ఏడు ఒక పక్క, మరో ఏడు మరో పక్క. వంక వచ్చి కలిసే ఎగువ భాగం జోలికి ఎవరూ పోయేవారు కాదు, ఎందుకంటే అక్కడ ఒండ్రు కన్నా ఇసుక ఎక్కువ, బండి లాగడం కష్టం. కలువల కోసం అని ఎవరూ అనుకోలేదు. కానీ మీరు చెప్పిన కలువలు కూడా వంక వైపే ఉండేవి కదా?

కాబట్టి నా సలహా ఇది. తూము ముందర, నీరు నడిచే దారిలో తప్పకుండా పూడిక తీయించండి, ఆ ఒండ్రు మీ పొలాలకే పోనివ్వండి. ఆ పాత గుంతల నిటారు గట్లను వాలుగా కోయించండి. పిల్లలూ గొడ్లూ జారిపడే ప్రమాదం కూడా తప్పుతుంది. ఎగువ భాగం మాత్రం ముట్టుకోవద్దు, ఒక్క కంపచెట్లు తప్ప. కంపను మొదలంటా వేళ్లతో తీయించకపోతే మళ్లీ చిగురిస్తుంది.

జమ్మును మొత్తం పీకించాల్సిన అవసరం లేదు. తూముకు అడ్డం వచ్చేంత వరకు చాలు. నీటి కింద జానెడు లోతున కోస్తే మోడులోకి నీరు చేరి కుళ్లిపోతుంది. నీటిపైన కోస్తే ముందుకన్నా దట్టంగా వస్తుంది. మా వైపు ఆ పొరపాటు రెండేళ్లు చేసి, కూలి డబ్బులు పోగొట్టుకున్నాము.

ప్రత్యుత్తరం: మత్స్యకార కుటుంబ సభ్యురాలు, సుంకేసుల వైపు, కర్నూలు జిల్లా

శింగనమల అన్నగారికి నమస్కారం. అందరూ మట్టి గురించీ నీటి గురించీ చెప్పారు, చేపల గురించి ఎవరూ అడగలేదు. మీ చెరువులో చేపల వేలం ఉందా? ఉంటే ఏ పిల్లలు వేస్తున్నారు? నా అనుమానం అక్కడే ఉంది.

మా మామగారు నలభై ఏళ్లుగా వల వేస్తున్నారు. ఆయన చెప్పేది, నేను చూసినది ఒకటే. గడ్డిచేప వేసిన చెరువులో మునిగి ఉండే మొక్క మిగలదు, లేత కలువ మొలకలు కూడా మిగలవు. అది తన బరువుతో పోల్చదగినంత మేత ఒక్క రోజులో మేయగలదు. బంగారు తీగ మొక్కలను అంతగా తినదు, కానీ పురుగుల కోసం అడుగు బురదను ముట్టెతో తవ్వుతూ తిరుగుతుంది, మొక్కల వేళ్లు ఊడివస్తాయి, నీళ్లు ఎప్పుడూ కలకగానే ఉంటాయి. ఎండే చెరువులో ఈ చేపలు వేసవికి ముందే పట్టుబడతాయి లేదా చచ్చిపోతాయి, మరుసటి ఏడు మొక్కలు ముందుగా లేస్తాయి. ఎండని చెరువులో నాలుగైదు కిలోల చేపలు ఏళ్ల తరబడి ఉండిపోతాయి. మాస్టారు గారు చెప్పిన ఎండే లయకూ దీనికీ సంబంధం ఉందని నాకు అనిపిస్తోంది.

చేపలు వద్దని నేను అనడం లేదు, మా బతుకే అది. బొచ్చె, రాగండి (అంటే కట్ల, రోహు) వేస్తే మొక్కలకు అంత హాని లేదు. నాచూ కలువలూ ఉన్న చోట కొరమీను తనంతట తానే పెరుగుతుంది. అది మొక్కల నడుమ ఖాళీ చేసుకుని గుడ్లు పెట్టి, పిల్లలను కాపలా కాస్తుంది. సంతలో కొరమీనుకు వచ్చే ధర బంగారు తీగకు ఎన్నడూ రాదు. మీ ఊరి మత్స్యకార సంఘంతో ఈ లెక్క చెప్పి మాట్లాడండి. కలువల కోసం ఆదాయం వదులుకోమంటే వారు ఒప్పుకోరు, ఒప్పుకోవలసిన పని కూడా లేదు. వేలం కాగితంలో గడ్డిచేప, బంగారు తీగ వేయరాదని ఒక షరతు రాయిస్తే చాలు. గుర్రపుడెక్కను తినిపించడానికి గడ్డిచేప వేశామని ఎవరైనా అంటే నమ్మకండి; మెత్తని నాచు ఉన్నంతకాలం అది గుర్రపుడెక్క జోలికి పోదు.

ప్రశ్న వేసిన రైతు

అమ్మా, మీ అనుమానం నిజమైంది. ఈరోజు సంఘం వారిని అడిగాను. మూడేళ్లుగా వేస్తున్న పిల్లలలో బంగారు తీగే ఎక్కువ, నాచు తగ్గుతుందని గడ్డిచేప కూడా వేశారట. వారికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, అందులో వారి తప్పు లేదు. కొరమీను మాట చెప్పగానే పెద్దాయన ఒకరు ఆసక్తిగా విన్నారు.

పోరుమామిళ్ల అన్నగారూ, వంక వైపు ఇసుక ఎక్కువని మీరు రాసినది చదివి ఆశ్చర్యపోయాను. మా చెరువులోనూ అంతే. మాస్టారు గారూ, మట్టిని అడిగే పద్ధతి చెప్పండి. గుర్రపుడెక్కను ఏం చేయాలి? మందు కొట్టిస్తే రెండు వారాలలో పోతుందని ఒక దుకాణదారు అంటున్నాడు. నర్సరీ తామర సంగతి కూడా చెప్పండి, ఎందుకంటే డబ్బు ఇచ్చేవారికి కళ్ల ముందు పూలు కావాలి. చట్టం వైపు నుంచి ఏదైనా రక్షణ ఉందా?

ప్రత్యుత్తరం: విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు, అనంతపురం

కడప సోదరుని మాటతో నేను నా అభిప్రాయాన్ని సరిదిద్దుకుంటున్నాను. పూడికను పూర్తిగా వద్దనడం నా ఉద్దేశం కాకపోయినా నా రాతలో అలాగే ధ్వనించింది. భాగాలుగా తీయడం, ఎగువ భాగాన్ని వదలడం సరైన దారి. చేపల విషయం నేను ముందే అడగవలసింది, చెల్లెమ్మకు కృతజ్ఞతలు.

మట్టి పరీక్ష ఇలా చేయండి. చెరువులో ఆరు చోట్ల మట్టి తీసుకోండి: నాలుగు వంక వైపు నుంచి, రెండు కట్ట వైపు నుంచి. పైన ఉన్న నాలుగైదు అంగుళాల మట్టి చాలు, అంతకన్నా కిందిది ఎక్కువగా ఉపయోగపడదు. వెడల్పాటి ప్లాస్టిక్ తొట్లలో అడుగున కడిగిన ఇసుక వేసి, దాని మీద ఆ మట్టిని అంగుళం మందాన పరచండి. ఏ తొట్టిలో ఏ చోటి మట్టి ఉందో చీటీ అంటించండి. మూడు తొట్లను తడిగా మాత్రమే ఉంచండి, మూడింటిలో మట్టిపైన మూడు నాలుగు అంగుళాల నీరు నిలపండి, ఎందుకంటే కొన్ని మొక్కలు తడి నేల మీద మొలుస్తాయి, కలువ వంటివి నీటి కింద మొలుస్తాయి. ఉదయపు ఎండ తగిలే చోట ఉంచి, దోమలు గుడ్లు పెట్టకుండా పైన పలుచని వల కట్టండి. మూడు నెలలు ఆగండి. మొలిచినవాటిని పీకకుండా ఫోటో తీసి ఉంచండి. ఈ పరీక్ష ఫలితం రాకుండా గర్భంలో యంత్రం దించవద్దు. విత్తనం ఉన్నది పైపొరలోనే, యంత్రం మొదట ఎత్తుకుపోయేదీ దానినే.

గుర్రపుడెక్కకు మందు కొట్టించవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. చచ్చిన మొక్క అంతా ఒకేసారి అడుగుకు చేరి కుళ్లుతుంది, నీటిలో ప్రాణవాయువు పడిపోయి చేపలు తేలుతాయి, కుళ్లిన ఎరువుతో మరుసటి పంట మరింత బలంగా వస్తుంది, మందు మిగతా మొక్కలను కూడా వదలదు. ఇది దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతపు మొక్క; అనుకూలమైన వేడిలో, ఎరువున్న నీటిలో సుమారు రెండు వారాలకే రెట్టింపవుతుంది, గింజలు బురదలో పదిహేను ఇరవై ఏళ్లు కూడా బతుకుతాయి. మీ దగ్గర ఇంకా ఒక పక్కనే ఉంది కనుక చేతులతో తీయించడమే మార్గం. పూత రాకముందు తీయాలి, గట్టుమీద దూరంగా వేసి ఎండబెట్టి కంపోస్టు చేయాలి, తర్వాత నెలకొకసారి మిగిలిన పిలకలను ఏరాలి. కాలువ నీరు చెరువులో పడే చోట వెదురు తడిక గానీ వల గానీ అడ్డంగా కట్టి వారానికి ఒకసారి శుభ్రం చేస్తే కొత్తవి రావడం చాలావరకు ఆగుతుంది. పెద్ద జలాశయాలలో దీనిని తినే నియోకెటినా అనే ముక్కుపురుగును వదిలే పద్ధతి ఉంది. మన దేశంలో 1980లలో బెంగళూరు పరిసరాలలో మొదలుపెట్టారు. అది ఏళ్లు పట్టే పని, మీ చెరువుకు అవసరం రాదనుకుంటాను.

నర్సరీ మొక్కల విషయంలో నా భయం వేరు. అక్కడ అమ్మేవాటిలో చాలావరకు సంకర జాతులు. వాటి వేళ్ల మట్టిలో ఏ కలుపు గింజలు, ఏ నత్తగుడ్లు వస్తాయో చెప్పలేము. అక్వేరియం మొక్కగా మన దేశానికి వచ్చిన కబోంబా 2020లో కేరళలోని కోళికోడ్ జిల్లాలో ఒక వాగును గులాబీ పూలతో నింపేసింది; జనం తండోపతండాలుగా చూడడానికి వెళ్లారు, కానీ ఆ పూల కింద స్థానిక మొక్కలకు వెలుగే లేకుండా పోయింది. తామర మన దేశపు మొక్కే అయినా, లోతు తక్కువ ఉన్న చెరువులో అది విస్తరించడం మొదలుపెడితే పెద్ద ఆకుల నీడలో కలువలకు చోటు మిగలదు. మీ మట్టిలో కలువ లేదని తేలితే, దగ్గరలోని మరో చెరువులో పండిన కలువ కాయలు తెచ్చుకోండి. కాయ నీటి కిందనే పండి పగులుతుంది, గింజలు కొద్దిసేపు తేలి ఆ తర్వాత మునుగుతాయి, కాబట్టి పగలబోయే కాయలకు పలుచని గుడ్డ సంచి కట్టి సేకరించాలి. ఒక చెరువు నుంచి కొద్దిగానే తీసుకోండి. గింజలను ఎండబెట్టకుండా నీటిలోనే తీసుకువచ్చి, బంకమట్టి ఉండలలో పెట్టి లోతులేని చోట వేయండి. డబ్బు ఇచ్చేవారికి నా మాటగా చెప్పండి: ఈ ఏడాది వారి డబ్బుతో గట్లు వాలుగా కోయించడం, కంప తీయించడం, గుర్రపుడెక్క ఏరించడం జరిగితే అది పూలకు పెట్టిన ఖర్చే.

చట్టం సంగతి నిరాశ కలిగించేదే. చిత్తడి నేలల రక్షణకు 2017లో కేంద్రం తెచ్చిన నియమాలు సాగునీటి కోసం మనుషులు కట్టిన చెరువులను తమ పరిధి నుంచి తప్పించాయి. రాయలసీమలో నీటి మొక్కలు బతికేది ప్రధానంగా అటువంటి చెరువులలోనే కనుక ఇది మనకు పెద్ద లోటు అని నేను చాలాకాలంగా అనుకుంటున్నాను. రాష్ట్రంలో రాంసర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు, ఉన్నది ఒక్క కొల్లేరుకే. ఉమ్మడి రాష్ట్రంలో రాష్ట్ర పుష్పంగా ఉన్న కలువకు కూడా ఆ హోదా పోయింది. 2018లో ఆ స్థానంలో మల్లె వచ్చింది. అయినా 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మీ చెరువు మొక్కలను ఆ రిజిస్టరులో రాయించండి. మీ అవ్వగారి కాలపు పూల సంగతి గుర్తున్న పెద్దలు ఎవరైనా ఉంటే వారి మాటలను కూడా రాయించండి. ఎగువ భాగంలో తవ్వకం జరగరాదని గ్రామసభ తీర్మానం చేస్తే, రేపు మరో కాంట్రాక్టరు వచ్చినప్పుడు చూపడానికి మీ చేతిలో ఒక కాగితం ఉంటుంది.

ప్రశ్న వేసిన రైతు: మూడు నెలల తర్వాత

అందరికీ మళ్లీ నమస్కారం. జరిగినది చెబుతాను. గ్రామసభలో వాదన చాలాసేపు జరిగింది. గర్భమంతా తవ్వించాలన్న ఆలోచన ఆగింది. తూము ముందర మాత్రం పూడిక తీశారు, పాత గుంతలలో మూడింటికి గట్లు వాలుగా కోశారు, మిగిలినవి డబ్బు చాలక వచ్చే ఏటికి వాయిదా పడ్డాయి. గడ్డిచేప, బంగారు తీగ వేయరాదన్న షరతుకు సంఘం ఈ ఒక్క ఏటికి ఒప్పుకుంది. కొరమీను రాకపోతే మళ్లీ మాట్లాడతామన్నారు. గుర్రపుడెక్క తీయడానికి ఉపాధి పనుల కింద అనుమతి రాలేదు, మేమే ఆదివారాలలో ఇంటికొకరం వెళ్లి తీస్తున్నాము. రిజిస్టరు పని ఇంకా మొదలుకాలేదు. పళ్లెం పరీక్షలో మొదటి నెల పది అంగుళాలు, ఈ నెల పద్నాలుగు అంగుళాలు వచ్చింది.

తొట్ల సంగతి. కట్ట వైపు మట్టి వేసిన రెండింటిలో తుంగ, జమ్ము మొలకలు తప్ప ఏమీ రాలేదు. వంక వైపు మట్టిని తడిగా మాత్రమే ఉంచిన రెండు తొట్లలో పందొమ్మిదో రోజున నాలుగాకుల మార్సీలియా వచ్చింది, తర్వాత నీరుగొబ్బి, గుంటగలగర, నాకు పేరు తెలియని చిన్న మొక్కలు మరో ఐదారు రకాలు. నీరు నిలిపిన రెండింటిలో ఒకదానిలో సన్నని నాచు. రెండోదానిలో యాభై రోజుల తర్వాత రెండు మొలకలు వచ్చాయి. వాటి ఆకులు నీటి కిందనే ఉన్నాయి, పైకి తేలలేదు, పలుచగా, లేత ఎరుపు కలిసిన ఆకుపచ్చగా, బాణపు మొన ఆకారంలో ఉన్నాయి. కలువ ఆకు గుండ్రంగా ఉంటుంది కదా అని మా వాళ్లు ఇది వేరే కలుపు అంటున్నారు. ఫోటో పెడుతున్నాను. మాస్టారు గారు చూసి చెప్పగలరా?

ప్రత్యుత్తరం: విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు, అనంతపురం

పీకవద్దు. కలువ మొలక మొదటి ఆకులు నీటి కింద అలాగే బాణపు మొనలా, పలుచగా ఉంటాయి. గుండ్రని తేలే ఆకులు ఆ తర్వాత వస్తాయి. ఫోటోలో ఉన్నది కలువే. తెల్లదో ఎర్రదో నీలిదో పూసేవరకు చెప్పలేము. ఇప్పుడు వాటిని లోతైన తొట్టిలోకి, వేళ్ల చుట్టూ ఉన్న మట్టితో సహా మార్చండి. ఆకు పైకి తేలాక నీటిమట్టాన్ని వారానికి రెండు వేళ్ల చొప్పున పెంచండి, తొందరపడవద్దు. ఈ మట్టి తీసిన చోటు ఏదో చీటీ చూసి గుర్తించి, నాలుగు పక్కలా రాళ్లు పాతి, గొడ్లు దిగకుండా ఎండు కంపతో కంచె వేయండి. తీసిన కంపచెట్లు మీ దగ్గర ఎలాగూ ఉన్నాయి.